దవానా, మందా

మా ఇంట్లో ‘మందు’ అనే మాట మేడమెట్లు ఎక్కకూడదు. ఆ నియమం పెట్టింది మా అమ్మ ఉమాబాయి. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో మా బాపు పురుగుమందులు అమ్ముతాడు. మహారాష్ట్రలో, నాందేడ్ పాత మోండా బజారులో ‘నాగనాథ్ కృషి సేవా కేంద్ర’ అంటే ఇటు ముద్ఖేడ్ పూలతోటల వాళ్ళకూ, అటు ఇస్లాపూర్ పత్తి రైతులకూ తెలుసు. కింద అమ్మేది మందు. పైన జ్వరానికీ దగ్గుకూ వేసుకునేది దవా. ఈ రెండు మాటలూ కలిసిపోతే ఏమవుతుందో అమ్మకు ఒకసారి అనుభవమైంది.

నాకు మూడేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోతుంటే అమ్మ మెట్లమీంచి “లింగమూర్తీ, పోరికి మందు తేపో జల్ది” అని కేక వేసిందట. లింగమూర్తి అప్పటి మా గుమాస్తా. నమ్మకమైన మనిషే కానీ, చెప్పింది చెయ్యడమే తప్ప తిరిగి అడిగే అలవాటు లేదు. కాయతొలిచే పురుగు కోసం వచ్చిన కొత్త సీసా పట్టుకుని పరుగున పైకి వచ్చాడు. అమ్మ చెంచా పట్టుకునే మూత తీసింది. ఘాటైన వాసన కొట్టింది కాబట్టి నేను ఇవాళ ఈ కథ చెబుతున్నాను.

అప్పటినుంచి ఎవరు ఏది పట్టుకుని మెట్లెక్కినా అమ్మ గుమ్మంలో నిలబడి “దవానా, మందా?” అని అడిగేది. జవాబు చెప్పందే లోపలికి రానిచ్చేది కాదు. బాపుకు ఇంకో నియమం ఉండేది. ఆయన భోజనానికి పైకి రాగానే, “మయూరి బాపూ, చేతులు సబ్బుతోని కడుక్కోండ్రి.” మయూరి అంటే నేను. మా వైపు ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు. బయటివాళ్ళతో కూడా అమ్మ ‘దుకాణపాయన’ అనేది తప్ప, అంత పెద్ద బోర్డు మీదున్న పేరు ఏనాడూ ఎత్తలేదు. నేను పుట్టకముందు ఆయన్ని ఏమని పిలిచేదో నాకు తెలియదు. వట్టి ‘ఇగో’ అనేదని మేనత్త చెబుతుంది.

ఇక నా సంగతి. ముప్పై ఆరేళ్ళు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, గంటకింత అని లెక్కగట్టి. దసరాకూ దీపావళికీ పిల్లలకు సెలవులొస్తే నాకు జీతానికి సెలవు. అది చాలనట్టు విద్యాపీఠంలో పీహెచ్‌డీ, ఆరో ఏడు నడుస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఎవరికైనా తెలియకపోతే నా దగ్గరికి పంపండి.

నా పరిశోధనలో గాజు సీసాలుండవు, వాసనలుండవు. ఒక ల్యాప్‌టాప్ ఉంటుంది, కాసేపటికి తొడ కాలుతుంది. తెరమీద అణువు బొమ్మ గీస్తాను. అది ఎంత పెద్దది, నూనెలో ఎక్కువ కలుస్తుందా నీళ్ళలోనా, ఏ మూల విద్యుదావేశం పోగుపడింది, ఇవన్నీ కంప్యూటర్ లెక్కగట్టి అంకెలుగా ఇస్తుంది. ఆ అణువు ఎంత మోతాదులో పురుగు నరాలను ఆపింది, ఎంత మోతాదులో మనిషి నరాలను ఆపింది అన్నది ఎవరో ఎక్కడో కొలిచి ఉంటారు. ఈ అంకెలకూ ఆ కొలతలకూ మధ్య సమీకరణం కట్టడమే నా పని. అది సరిగ్గా కుదిరితే, ఇంకా ఎవరూ తయారుచెయ్యని అణువు గురించి కూడా ముందే చెప్పొచ్చు. ఇది పురుగును చంపి మనిషిని వదిలేస్తుందా, లేక మనిషికే పనికొచ్చే దవా అవుతుందా అని. ఇంత చెప్పాక చుట్టాలు అడిగేది ఒకటే, “అయితే నౌకరి ఎప్పుడు పక్కా అయితది?”

పీహెచ్‌డీ చేయిస్తున్న మా సార్ అడిగేది ఇంకొకటి. నా గ్రాఫులో చుక్కలన్నీ దాదాపు ఒక గీత వెంట నడుస్తాయి. ఒక్కటి మాత్రం మందలోంచి తప్పిపోయిన మేకలా దూరంగా నిలబడి ఉంటుంది. లెక్క ప్రకారం అది బలహీనమైన అణువు. పురుగు మీద మాత్రం గట్టిగా పనిచేసింది. దాన్ని తీసేస్తే సమీకరణం ముద్దుగా వస్తుంది, పేపరు అచ్చవుతుంది. “తో ఏక్ పాయింట్ కాఢూన్ టాక్, మయూరీ” అంటాడు సార్, ఆ ఒక్క పాయింటు తీసిపారెయ్ అని. కొలిచినవాళ్ళు తప్పు కొలిచారని తేలితే తీసేస్తాను. నా గీతకు లొంగలేదని తీసెయ్యమంటే ఎలా? ఈ వాదన ఎన్నోసార్లు అయింది. ఇప్పుడు ఇద్దరమూ అలిసిపోయాం, అయినా సార్ అనడం మానలేదు, నేను ఆ పాయింటు తియ్యలేదు.

అమ్మకు మతిమరుపు మొదలైంది ఈ రోజుల్లోనే. ముందు పోయింది మరాఠీ. తెలుగు మాట్లాడే మర్ఖేల్ నుంచి కోడలిగా వచ్చాక నేర్చుకున్న భాష అది. పాలవాడు మరాఠీలో అడిగితే తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, తర్వాత అసలు పడలేదు. డాక్టర్ లేన్‌లో ఒక నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన వారం అడిగాడు, నెల అడిగాడు, పక్కన కూర్చున్న బాపును చూపించి “హే కోణ్?” అన్నాడు.

“మా ఇంటాయన” అంది అమ్మ.

“నావ్ కాయ్?”

పేరేమిటని డాక్టరు అడిగేసరికి అమ్మ కొంగు తలమీదికి లాక్కుని నవ్వింది. అంతే. డాక్టరు కాగితం మీద సున్నా వేశాడు. మా బాపుకు ఒళ్ళు మండింది.

“సాబ్, నలభై ఏండ్లల ఒక్కసారి సుత చెప్పలే. గిది మర్చిపోవుడు ఎట్లయితది?” అన్నాడు. నేను మరాఠీలోకి మార్చి చెప్పాను. డాక్టరు కూడా నవ్వాడు కానీ సున్నా దిద్దలేదు.

రోజుకు రెండు మాత్రలు రాశాడు. మొదట్లో పనిచేసినట్టే ఉంది. సాయంత్రం నేను కాలేజీ నుంచి రాగానే “మయూరీ, తిన్నవా?” అనేది. పచ్చిపులుసు చేసింది ఒకనాడు, ఉప్పు ఒక్కసారే వేసి. తర్వాత డాక్టరు మోతాదు పెంచాడు. అప్పటినుంచి అమ్మకు కడుపులో తిప్పడం, తిన్నది కక్కుకోవడం, నోట్లో నీళ్ళూరి కొంగు తడిసిపోవడం. కొన్నాళ్ళకు సర్దుకుంటుందని డాక్టరు, అదే మాట బాపుకు నేను. మాత్రలు వేసే పని బాపుది. నేను పొద్దున్నే బస్సెక్కాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను తెరమీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. బాపు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

“గివి రెండు ఒక్క తీర్గ ఉన్నయేంది బిడ్డా?”

ఆరేళ్ళలో బాపు నా పని గురించి అడగడం అదే మొదటిసారి. అరవైలో పడ్డాక, లైసెన్సు నిలవాలంటే డిప్లొమా తప్పదని కుర్రాళ్ళతో కలిసి క్లాసులో కూర్చుని చదివిన మనిషి ఆయన. చెబితే అర్థమవుతుంది. నాకెంత సంతోషమైందంటే, కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను.

“ఎడమ దిక్కుది మన దుకాణంల అమ్మేది, పురుగులది. కుడి దిక్కుది అమ్మ గోలీ. రెండూ కార్బమేట్లే.”

“కార్బమేటా?”

“ఔ బాపూ. ఒక నరం ఇంకో నరానికి సంగతి చెప్తది. చెప్పినంక ఆ సంగతిని ఊడ్చేటందుకు ఒకటుంటది, మన మోండాల ఊడ్చెటామె లెక్క. మన మందు ఆమె చేతులు కట్టేస్తది. సంగతులు కుప్పవడి పురుగు కొట్టుకొని సస్తది. అమ్మ తలకాయల సంగతులే తక్కువైనయి. ఊడ్చెటామెను జర ఆపితే ఉన్న రెండు సంగతులన్న కొంచెంసేపు నిలుస్తయి. గంతే ఫరకు. మిగతాదంతా ఒక్కటే ఖాందాన్.”

“ఒక్కటే ఖాందాన్” అన్నాడు బాపు, ఒకటే వంశమన్న మాటను నెమరేస్తున్నట్టు. లేచి వెళ్ళి మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. అలవాటులే అనుకున్నాను. ఆయనకు అర్థమైందని చాలా గర్వంగా కూడా అనిపించింది.

ఆ తర్వాత అమ్మకు వాంతులు తగ్గాయి. ముఖం తేటపడింది. “ఇయ్యాల రెండు రొట్టెలు తిన్నది” అని బాపు రోజూ నాకు వార్తలు చెప్పేవాడు. డాక్టరు మాటే నిజమైంది, సర్దుకుంది అనుకున్నాను. అయితే ఒక సాయంత్రం నేను బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలోకి వస్తే అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“ఎవలింటి పిల్లవు బాయీ? పొద్దువోయింది, మీ ఇంట్ల ఎదురుసూస్తుంటరు. పో.”

తిట్టినా బాగుండేది. ఎంతో ప్రేమగా చెప్పింది, పక్కింటి పిల్లకు చెప్పినట్టు. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చే ఓపిక లేక స్నానానికి పోయాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఆమె నోట నా పేరు రావడం మానేసింది. జబ్బు ముదిరిందనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాలి, సార్‌కు పట్టికలు పంపాలి, డాక్టరు దగ్గరికి వచ్చే వారం వెళ్దాం, ఆపై వారం వెళ్దాం అనుకుంటూ గడిపేశాను. ఇంట్లో ఒకరు మనల్ని మరిచిపోతున్నప్పుడు కూడా బస్సు టైముకే వస్తుంది.

ఒకరోజు బాపు ముద్ఖేడ్‌లో ఏదో రైతుల సభకు పోయాడు. కాలేజీ లేదు, గల్లా దగ్గర నేను కూర్చున్నాను. ఒక రైతు ఎర్ర త్రికోణం గుర్తున్న సీసా అడిగాడు. అంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. అలాంటివి బాపు విడిగా ఒక ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. బీరువా తెరిచాను. సీసాల పక్కన, రబ్బరు బ్యాండు చుట్టి, అమ్మ మాత్రల అట్టలున్నాయి. ఒక్కటి కూడా చింపలేదు.

పారెయ్యలేదు, కాలవలో వెయ్యలేదు. చట్టం ప్రకారం విషాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి తాళం వేశాడు. రైతుకు సీసా ఇచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకోమని బాపు చెప్పే మాటలన్నీ అప్పజెప్పి, షట్టరు సగం దించి కూర్చున్నాను. కోపంతో ఆ మాత్రలన్నీ లెక్కపెట్టాను.

బాపు రాగానే అట్టలు గల్లామీద పెట్టాను. ఆయన చెప్పులు విప్పి, నీళ్ళు తాగి, అప్పుడు కూర్చున్నాడు.

“ఎన్నటిసంది ఇస్తలేవు బాపూ?”

“నువ్వు బొమ్మలు సూపెట్టిన నాటిసంది.”

“నాకు చెప్పాలె గదా.”

“ఏమని చెప్పాలె? నోట్లెకెల్లి నీళ్ళు కారుడు, చెమటలు, కక్కుడు. గియన్ని నేను సూడనియా? ఇస్లాపూర్ రాజన్నకు గిట్లనే అయింది. పంపు లీకై ఈపంత తడిసింది. పొద్దుమీకి మనిషి మనిషిగ లేకుండె. దవాఖానకు నేనే తీస్కపోయిన. గప్పుడు డాక్టర్ ఏమన్నడు? కార్బమేట్ అన్నడు. మల్ల గదే నా చేతులతోని ఆమె నోట్లె ఎయ్యాల్నా?”

“అది వేరే బాపూ. మోతాదు వేరే, మనిషి మెదడు కోసమనే చేసింది.”

“ఒక్కటే ఖాందాన్ అంటివి గదా.”

ఇంకేం చెబుతాను? ఆరేళ్ళు కూర్చుని ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో దశాంశ స్థానాల దాకా లెక్కగట్టి, తీరా ఇంట్లో చెప్పాల్సి వస్తే ఖాందాన్ అని ముక్తసరిగా చెప్పి ఊరుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అనలేదు.

“ఆమె నా పేరు మర్చిపోయింది” అన్నాను. “రోజు నన్ను మీ ఇంటికి పో అంటుంది. నీకు కనబడుతలేదా?”

“కనబడుతుంది.” బాపు గొంతు తగ్గింది. “గని ఆకలైతుందంటుంది బిడ్డా. అడిగి పెట్టించుకుంటుంది. నువ్వు గిది ఆమె కోసం ఇయ్యమంటున్నవా, నీ పేరు కోసమా?”

నా కోసమే అని ఒప్పుకోవడానికి సిగ్గేసింది, కాదని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మకు ఇంకా బాపు తెలుసు. ఆయన పైకి వస్తే చేతులు కడుక్కోమనే అంటోంది, ‘మయూరి బాపూ’ అనే పిలుస్తోంది. ఆ మయూరి ఎవరో తెలియదు, అంతే. ఆయన ఆ నష్టాన్ని భరించగలడు, ఎందుకంటే అది నాది. ఈ మాట అప్పుడే ఆయన మొహం మీద అనేద్దామనుకున్నాను. ఆయన కాళ్ళ మీద ముద్ఖేడ్ దుమ్ము చూసి ఊరుకున్నాను.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇన్నాళ్ళు ఆపాక పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, అన్నిటికన్నా తక్కువతో మొదలుపెట్టాలన్నాడు. కడుపు ఓర్చుకోలేదు కాబట్టి మాత్ర వద్దు, అదే దవా పట్టీగా వస్తుంది, రోజుకొకటి చర్మానికి అంటించాలి అన్నాడు. ఇది జబ్బును తగ్గించదనీ, పోయేదాన్ని కొంచెం నెమ్మదిగా పొమ్మంటుందనీ చెప్పాడు.

“ఏడ పెట్టాలె సాబ్?” అన్నాడు బాపు.

డాక్టరు తన వీపు మీద చెయ్యి పెట్టి చూపించాడు. అక్కడైతే పేషెంటు చెయ్యి అందదు, పీకేసుకోరు అని.

బాపు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళ ముందు ఏమున్నదో నాకు తెలుసు. తడిసిన చొక్కా, పంపు పట్టీలు, ఇస్లాపూర్ రాజన్న వీపు. ఆటోలో ఇంటికి వస్తుంటే గురుద్వారా యాత్రికుల బస్సులు అడ్డం పడి చాలాసేపు ఆగిపోయాం. అప్పుడు “ఈపు మీదనే పెట్టాల్నట” అన్నాడు, నాతో కాదు, ఆటో అద్దంతో.

పట్టీల డబ్బా టీవీ పక్క గూట్లో ఉండిపోయింది. బాపు దుకాణంలో ఉన్నప్పుడు నేను అంటించెయ్యొచ్చు. అంటించలేదు. నీ పేరు కోసమా అన్న మాట డబ్బా దగ్గరికి పోయినప్పుడల్లా గుర్తొచ్చేది. ఇంతలో సార్ ఫోను, ఆ పాయింటు తీశావా అని. తియ్యలేదు సార్. పట్టీ పెట్టావా అని నన్ను నేనే అడిగితే, పెట్టలేదు. ఏదీ చెయ్యకుండా ఉండటానికి కూడా ఇంత అలసట ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వానలు రెండు రోజులు తెరిపి ఇచ్చాయి. సోయాబీన్‌కు పురుగు పట్టింది, రైతులంతా ఒక్కసారి మోండాకు దిగారు. బాపుకు చేతులు చాలక నేను బిల్లుల దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం వేళ దాటుతోంది. మెట్ల తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. గిరాకీ వేళ ఆమె ఎప్పుడూ కిందికి దిగదు. తలమీద కొంగు, నుదుటి దాకా. కౌంటరు ముందు రైతుల మధ్యకు వచ్చి, బాపు ఎదురుగా నిలబడింది.

“సేట్, నాగనాథ్ సేట్ లేడా?”

బాపు చేతిలో పొట్లం చేతిలోనే ఆగిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నోట ఆయన పేరు అదే మొదటిసారి వినడం. డాక్టరు ఉండి ఉంటే పూర్తి మార్కులు వేసేవాడు. ఆమెకు ఆ పేరు గుర్తుంది. ఆ పేరు పలకకూడదన్నదీ, ఆ పేరున్న మనిషి ఎదురుగా ఉన్నదీ గుర్తు లేదు. పక్కనున్న రైతు ఒకడు నవ్వబోయి, బాపు ముఖం చూసి మానేశాడు.

“ఏం పనుండె?” అన్నాడు బాపు, కొత్త గిరాకీని అడిగినట్టు మర్యాదగా.

“ఆయనకు బువ్వ యాల్లయింది. పైకి రమ్మని చెప్పుండ్రి జర.”

“చెప్తనమ్మా. కూసోండ్రి, ఇప్పుడే అస్తడు.”

కౌంటరు ఇవతలికి వచ్చి, రైతుల కోసం వేసిన స్టూలు ఆమె కొంగుకు మందు అంటకుండా తుడిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె కూర్చుంది. వీధిలోకి చూస్తూ ఆయన కోసం ఎదురుచూసింది. ఆయన ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. నేను బిల్లు యంత్రం వైపు తలవంచుకున్నాను. బాపు మీద నాకున్న కోపం అప్పుడే పోయింది. దాని బదులు ఏమొచ్చిందో పేరు పెట్టలేను, కానీ కోపమే నయం.

నిలబడ్డ గిరాకీని పంపేసి బాపు షట్టరు దించాడు. సీజన్లో మధ్యాహ్నం పూట మా షట్టరు దించడం మోండాలో ఎవరూ చూసి ఉండరు. అమ్మను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. పరాయి మనిషి పట్టుకున్నాడని ఆమె చెయ్యి ముడుచుకుంది, కానీ మోకాళ్ళ నొప్పి వల్ల విదిలించుకోలేదు. పైకి రాగానే నాతో అన్నాడు, “బిడ్డా, గా పట్టీ తే.”

డబ్బాలోని కాగితం కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు, దుకాణంలో కొత్త సరుకు లేబుల్ చదివినట్టే. మోతాదు చూశాడు. వాడిన పట్టీని ఎలా మడిచి పారెయ్యాలో చూశాడు. తర్వాత తిప్పి తిప్పి వెతికాడు.

“విరుగుడు ఏంది? యాడ కనబడుతలేదు.”

పురుగుమందు సీసా మీద విరుగుడు ఏమిటో రాయకుండా ఉండరు. ఇది దవా కాగితం. అందులో రోగి చదివే చోట అలా రాయరు.

“అట్రోపిన్ బాపూ. మన దుకాణంల దానికున్నదే.”

“గదేనా?”

“గదే.”

తల ఊపాడు. నా గ్రాఫులు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసినట్టుంది. ఒక్కటే ఖాందాన్ అయితే విరుగుడూ ఒక్కటే, అది ఆయనకు తెలిసినదే. అమ్మ వెనక మంచం అంచున కూర్చున్నాడు. నేను రవికె వెనక హుక్కు విప్పి, వీపు గుడ్డతో తుడిచాను. ఎంత సన్నబడిందో. రెండు రొట్టెలు తిన్న ఒళ్ళు కాదది. బాపు పట్టీ వెనక ఉన్న కాగితం ఊడదీసి, భుజం ఎముక పక్కన పెట్టి, అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో, కాగితం మీద చెప్పిన క్షణాలు లెక్కపెడుతున్నాడేమో.

అమ్మ తల తిప్పకుండానే అడిగింది.

“దవానా, మందా?”

ఎన్నో నెలలుగా ఆమె నోట వినని మాట. నేను బాపు వైపు చూశాను. జవాబు నేను చెబుతానని ఆయన నా వైపు చూశాడు. ఆరేళ్ళు చదివింది ఆ ప్రశ్నే. చెప్పాల్సింది నేను కాదనిపించింది.

“దవా” అన్నాడు బాపు. చెయ్యి తియ్యలేదు. “దవానే.”

అమ్మ కొంగు సర్దుకుంది. కాసేపు కిటికీలోంచి మోండా వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరగకుండా, నలభై ఏళ్ళ అలవాటు గొంతుతో, కొంచెం విసుగ్గా అంది.

“మయూరి బాపూ, చేతులు సబ్బుతోని కడుక్కోండ్రి. బువ్వ సల్లారుతుంది.”

బాపు గబగబా లేచి కుళాయి దగ్గరికి పోయాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది, అంత సబ్బు ఎవరికీ అక్కర్లేదు. తువ్వాలు కూడా మరిచిపోయి, మోచేతుల దాకా నీళ్ళు కారుతుండగా తిరిగి వచ్చాడు. ఆయన కళ్ళలో వెలుగు చూసి నాకు భయమేసింది.

“జల్ది పనిచేసింది గదా బిడ్డా?”

పట్టీలోంచి దవా చర్మం దాటి రక్తంలోకి చేరడానికే గంటలు పడుతుంది. మెదడులో తేడా కనిపించాలంటే వారాలు, అదీ ఈ అతి తక్కువ మోతాదులో కనిపిస్తుందో లేదో చెప్పలేం. అమ్మ మాట్లాడింది పట్టీ వల్ల కాదు. వీపు మీద చెయ్యి వల్లో, ఆ ప్రశ్న వల్లో, ఊరికేనో. రేపు మళ్ళీ ఆయన్ని సేట్ అనొచ్చు, నన్ను ఇంటికి పొమ్మనొచ్చు. ఇలాంటి పాయింటు దొరికితే ఎవరైనా తీసిపారెయ్యమంటారు, ఈసారి సార్ చెప్పినా తప్పు కాదు.

తువ్వాలు తెచ్చి బాపు చేతికిచ్చాను.

“ఔ బాపూ, చేసింది” అన్నాను.